పీతబొక్క

ఎక్కడ పడింది అని అడుగుతారందరూ.
పడలేదండి. తుమ్మింది.
పప్పులోకి పోపు పెడుతుంటే ఎండుమిరప మాడి
ఒక్కటంటే ఒక్క తుమ్ము.
మూకుడు మీద చెయ్యి అలాగే ఉండిపోయి
"ఇదిగో, ఏదో విరిగింది" అంది పల్లాలమ్మ,
గరిటె కాడ గురించి చెప్పినట్టు.
నేను పొయ్యి చూశాను, చూరు చూశాను,
పిల్లి ఏవన్నా పడేసిందేమోనని గూట్లో చూశాను.
మనిషిని ఆఖర్న చూశాను.

రాజమండ్రిలో సొరంగం లాంటి మిషన్లో పడుకోబెట్టి ఫొటోలు తీశారు.
ఫిల్ము వెలుతురు పెట్టెకి తగిలించాడు కుర్రాడు,
వరంగల్ అవతల ఏదో ఊరంట వాడిది.
"బొక్క ఇరిగింది పెద్దాయనా" అన్నాడు.
మా లంకల వైపు బొక్కంటే కన్నం.
వాడు ఎముక అన్నాడు, నేను కన్నం అని విన్నాను.
ఫిల్ములో చూస్తే ఇద్దరిదీ ఒకటే మాట.

ముప్పై రెండేళ్ళు లొల్ల లాకుల మీద లస్కరుగా చేశాను.
గట్టు ఎలా తెగుతుందో నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు.
వరద పొర్లి తెగిన గట్లు తక్కువ.
నీళ్ళు నిండా లేని రోజున, ఎండ కాసే పూట,
పైన గడ్డి పచ్చగా, సైకిళ్ళు పోతుండగా
జానెడు మేర కుంగుతుంది.
తవ్వితే లోపలంతా పీతబొక్కలు.
ఏళ్ళ తరబడి, చప్పుడు లేకుండా,
చిటికెడు చిటికెడు మట్టి మోసి బయట పోసి...
ఆ మట్టి గుళ్ళు మనం చూస్తూనే ఉంటాం.
చూసి, పీతలే కదా అని వెళ్ళిపోతాం.

ఆరేళ్ళ కిందట రొమ్ము తీసేశారు.
అయిపోయిందనుకున్నాం.
జాకెట్లో పాతచీర ముక్క ఉండచుట్టి పెట్టుకుని
పెళ్ళిళ్ళకి వచ్చింది, నాట్లకి వెళ్ళింది.
నిరుడు కార్తీకం నించీ నడుం సలుపంది.
తైలం రాశాను.
ఇసక వేయించి మూటకట్టి కాపడం పెట్టాను.
పడుకుంటేనే ఎక్కువంది. వయసంది.
వయసే అన్నాను.
అవి మట్టి గుళ్ళు.

చీర కుచ్చిళ్ళు ఇప్పుడు నేల రాస్తున్నాయి.
రెండంగుళాలు తగ్గిపోయిందంట మనిషి.
పై అరలో ఆవకాయ జాడీ అందక
"ఇల్లు గానీ పెరిగిందా" అంది నన్ను.

కూలిన పూసలోకి సూదితో సిమెంటు పోస్తారంట.
ఎన్ని పాళ్ళు ఇసక అని అడగబోయి మానేశాను.
గండి పూడ్చొచ్చు. పీతల సంగతి అడిగాను.
డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని
"కరెంటు పెడదాం, మందులున్నాయి" అంది.
నిజం చెప్పే మనిషే. అంతకంటే చెప్పలేదు.

మంచం మీద తిప్పాలంటే దుంగలా ఒక్కసారే తిప్పాలి,
భుజం, తుంటి కలిపి, నడుం మెలిపడకుండా.
నర్సు నేర్పబోతే నాకు నవ్వొచ్చింది.
లాకు తలుపుకి అటొకడు ఇటొకడు
ఒకే ఊపిరి మీద తొయ్యడమే కదండీ నా ఉద్యోగం.
పక్కింటి మేరీరత్నం అటు, నేను ఇటు.
"హోయ్" అంటాను.
"పడవొచ్చిందా?" అంటుంది పల్లాలమ్మ.

ఒకటి మాత్రం కాయితం మీద రాసిచ్చారు.
కాళ్ళు మొద్దుబారినా, అడుగు తడబడినా,
ఒంటేలు తెలియకుండా పోయినా
తెల్లారే దాకా ఆగకండి, ఆ రాత్రే రండి.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేసినట్టే అది.
అంచేత రోజూ పడుకోబోయే ముందు,
వరదల్లో టార్చిలైటుతో గట్టు మీద తిరిగినట్టు,
మంచం చివర చతికిలబడి
చీపురుపుల్లతో ఆమె కాలివేళ్ళు ముట్టుకుంటాను.
కళ్ళు మూసుకో. ఏ వేలు?
"బొటనవేలు."
ఇది?
"చిటికెన."
ఇది?

నిన్న రాత్రి జవాబు రాలేదు.
మళ్ళీ ముట్టుకున్నాను. గట్టిగా.
కాలవలో నీళ్ళ చప్పుడు ఎంత పెద్దదో అప్పుడే విన్నాను.
ఆటో అప్పలకొండ నంబరు కోసం ఫోను తడుముకుంటుంటే
"మెట్టెల వేలు" అంది, కళ్ళు తెరవకుండానే,
"పెళ్ళినాడు నువ్వు బిగించి రక్తం తెప్పించావే, అది."
నవ్వబోయి
నడుం పట్టుకుని సగంలో ఆపేసింది.

పుల్ల మంచం కిందకి దొర్లిపోయింది.
వెతికి తీసుకున్నాను.
ఇంకా ఏడు వేళ్ళున్నాయి.